పువ్వు గోత్రం

కాంతవ్వ నోటికి ఆ సందులో ఎదురు లేదు. అమీర్‌పేట మెట్రో కింద నుంచి పంజగుట్ట వైపు నడుస్తూ, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలన్నీ దాటుకుని ఎడమ చేతి సందులోకి తిరిగితే, రెండో మలుపులో చిన్న వెంకటేశ్వరస్వామి గుడి, గుడికి ఎదురుగా జాకెట్లు కుట్టే షాపు కనిపిస్తాయి. ఆ షాపు కాంతవ్వది. పేరుకు భర్త అంబదాస్‌ది కూడా అనుకోండి. ఆయన కత్తిరిస్తాడు, ఆమె కుడుతుంది, ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడుతుంది. చేతులు బిగుతయ్యాయని జాకెట్టు వెనక్కి తెచ్చినవాళ్లు కూడా, "జాకెట్టు గంతే ఉన్నదమ్మా, నువ్వే జర ఒళ్లు చేసినవ్, మంచిగనే కనవడుతున్నవ్ తియ్" అనిపించుకుని నవ్వుతూ వెళ్లిపోతారు. అంత నోరు! అందులో విషం మాత్రం చుక్క కూడా లేదు.

సిరిసిల్లలో మగ్గాల చప్పుడు వింటూ పెరిగిన మనిషి. పెళ్లయిన కొత్తలో అక్కడ పని సరిగా దొరక్క, భర్తతో పాటు పట్నం వచ్చి యూసుఫ్‌గూడలో ఒక గది అద్దెకు తీసుకుంది. వాళ్లకు అనిత దొరికింది అక్కడే. ఈ "దొరికింది" అన్న మాట నేను ఇక్కడ అంటున్నాను గానీ, కాంతవ్వ ముందు అనే ధైర్యం నాకు లేదు. "దొరుకుతందుకు అదేమన్న రోడ్డు మీద పడ్డ చిల్లరనా? వచ్చింది. నా బిడ్డ నా ఇంటికి వచ్చింది" అంటుంది.

వచ్చిన తీరు ఇది. పక్క గదిలో మేస్త్రీ పనికని ఎక్కడి నుంచో వచ్చిన మొగుడూ పెళ్లాం ఉండేవారు. వాళ్ల భాష కూడా ఇక్కడివాళ్లకు అర్థమయ్యేది కాదు. ఆమె జ్వరంతో పోయింది. అతను చంటిపిల్లను కాంతవ్వ చేతుల్లో పెట్టి, ఊళ్లో పెద్దవాళ్లకు చెప్పి వస్తానని సైగలు చేసి వెళ్లాడు. మళ్లీ రాలేదు. కొన్నాళ్లు కాంతవ్వ అతను రావాలని ఎదురుచూసింది. ఆ తర్వాత రాకూడదని మొక్కుకుంది. ఆ రెండో మొక్కు గురించి ఆమెకు రవ్వంత సిగ్గు లేదు. "మొక్కిన. గట్టిగనే మొక్కిన" అని ఇప్పటికీ చెబుతుంది. ఆలుమగలకు పిల్లలు లేరు. అంబదాస్ తెలిసిన వకీలును పట్టుకుని కోర్టులో దత్తత పని పూర్తి చేయించాడు. ఊహ వచ్చినప్పటి నుంచీ అనితకు ఈ సంగతి తెలుసు. ఎవరో చెప్పగా తెలియడం కంటే తానే చెప్పడం మేలని కాంతవ్వ అన్నం ముద్దలు పెడుతూ కథలా చెప్పేసింది.

అమీర్‌పేట సందులోకి మారేనాటికి అనితకు మాటలొచ్చాయి. గుడిలో అర్చనకు పోతే అయ్యగారు గోత్రం అడుగుతారు కదా, పెద్దవాళ్ల కంటే ముందు ఆ పిల్లే మెడ సాగదీసి "పులత్త గోత్రం!" అని అరిచేది. పులస్త్య గోత్రం అనడానికి నోరు తిరిగేది కాదు. గుడిలో అందరూ నవ్వేవాళ్లు. కాంతవ్వ మాత్రం ఆ పిల్లను ఎత్తుకుని, ఏదో బంగారు పతకం గెలుచుకున్నట్టు అందరి ముఖాలూ చూసేది.

ఇక ఆ గుడి సంగతి. పద్మావతి అమ్మవారు తమ ఇంటి ఆడబిడ్డ అని పద్మశాలీల నమ్మకం. అందుకని ఏటా వైశాఖంలో జరిగే కల్యాణంలో, ఆ సందులోని సిరిసిల్ల, సిద్దిపేట కుటుంబాలన్నీ ఆడపెళ్లివారు. చుట్టుపక్కల అపార్టుమెంట్లలో ఉండే కోస్తా కుటుంబాలు మగపెళ్లివారు. ఎవరు పెట్టారో ఈ ఏర్పాటు, ఎవరికీ గుర్తు లేదు గానీ, ఎవరూ మార్చనివ్వరు. కాంతవ్వ, అంబదాస్ అమ్మవారి తల్లిదండ్రులుగా పీటల మీద కూర్చుంటారు. మగపెళ్లివారి పెద్ద బుల్లబ్బాయి గారు. అమలాపురం వైపు మనిషి, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన భార్య రత్నమాల స్వామివారికి తల్లి, అంటే వకుళమాత స్థానంలో కూర్చుంటుంది. ఈ వియ్యం ఎంత ముదిరిందంటే, ఎర్రగడ్డ రైతుబజార్లో వంకాయలు ఏరుతూ ఎదురుపడ్డా రత్నమాల, కాంతవ్వ ఒకరినొకరు "వియ్యపురాలా" అనే పిలుచుకుంటారు.

కల్యాణానికి ముందు సాయంత్రం ఎదుర్కోలు. స్వామివారినీ అమ్మవారినీ పల్లకీల్లో ఎదురెదురుగా నిలబెడతారు. ఆ వెనక రెండు పక్షాలూ చేరి, పానకం తాగుతూ, తమవాళ్లను పొగుడుకుంటూ అవతలివాళ్లను ఏకిపారేస్తారు. దేవుణ్ణి మొహం మీద తిట్టడానికి ఏడాదికి ఒక్క సాయంత్రం అనుమతి ఉంటుందన్నమాట. ఆ అనుమతిని కాంతవ్వ ఏనాడూ వృథా పోనివ్వలేదు. ఎవరికి మాట ఆగిపోతే వాళ్లు ఓడినట్టు. ఆడపెళ్లివారు ఓడిన సంవత్సరం ఎవరికీ గుర్తు లేదు.

ఈ ఏడు కథ వేరేగా నడిచింది. ఎదుర్కోలుకు కొన్ని వారాల ముందు అనితకు కరీంనగర్ నుంచి ఒక సంబంధం వచ్చింది. అనిత ఇప్పుడు ఒక కోచింగ్ సెంటర్లో, వచ్చిన పిల్లలకు కోర్సుల గురించి చెప్పే ఉద్యోగం చేస్తోంది. అబ్బాయికి ఆమె నచ్చింది, ఆమెకు అబ్బాయి నచ్చాడు. కాంతవ్వ ఏదీ దాచే మనిషి కాదు కనుక, సాకిన బిడ్డ అని మొదటి రోజే చెప్పింది. అబ్బాయి మేనత్త పెదవి విరిచింది. "సాకుడు మంచిదే వదినా. గని పుట్టిన గోత్రం ఎరుక లేకుంటే లగ్గం ఎట్ల చేస్తం?" అంది. అంతటితో సంబంధం చెడింది. కాంతవ్వ ఆ మేనత్తను వారం రోజుల పాటు కుట్టుమిషను దగ్గర కూర్చుని తిట్టింది.

ఆ శుక్రవారం అర్చనకు పోయినప్పుడు అయ్యగారు అలవాటుగా గోత్రం అడిగారు. "నాకు విష్ణు గోత్రం అనుండ్రి అయ్యగారు" అంది అనిత మెల్లగా. గోత్రం తెలియనివాళ్ల కోసం చెప్పే గోత్రం అది. పక్కనే నిలబడ్డ కాంతవ్వకు తల తీసేసినట్టయింది. ఇంటికి వచ్చి జాకెట్టుకు హుక్కులు కుడుతూ రెండుసార్లు వేలు పొడుచుకుంది. ఇదేందని బిడ్డను అడగాలి, నోరు రాలేదు. సంబంధం పోతే పోయింది, అట్లాంటివి పది వస్తాయి. తమ గోత్రాన్ని ఆ పిల్ల నోట మళ్లీ ఎట్లా వినాలి? ఆమె ఫికరంతా అదే. నోరున్న మనిషి కదా, ఈ ఒక్క సంగతి దగ్గరే మాట దొరకలేదు.

ఆ బాధ కడుపులో పెట్టుకునే ఎదుర్కోలుకు వచ్చింది. అనితను కూడా పట్టుబట్టి వెంట తెచ్చింది. పల్లకీలు దిగాయి, పానకం గ్లాసులు చేతులు మారాయి. మొదటి దెబ్బ కాంతవ్వదే.

"ఏమన్నగారు, మీ పిల్లగాడు వేటకని గుర్రమెక్కి వచ్చి ఆడివిల్లల తోటల జొరబడ్డడు. మా పోరీలు రాళ్లతోని కొట్టి పంపిన్రు. గా దెబ్బలు మానినయా?"

ఆడపెళ్లివారు ఈలలు వేశారు.

"మానకేం చెల్లెమ్మా! రాళ్లేసిన మీ పిల్లే మావాడి మీద బెంగతో మంచం పట్టిందిట కదా" అన్నాడు బుల్లబ్బాయి గారు.

"పట్టకేం చేస్తది, సోది చెప్పే ఆడిమనిషి వేషం గట్టుకొని ఇంట్ల జొరబడ్డడాయె! చీర గట్టిన పెండ్లికొడుకును మా వంశంల చూడలే."

గుడి గోడలు ఎగిరిపోయేలా నవ్వారు. బుల్లబ్బాయి గారు చెమట తుడుచుకున్నాడు. ఈ ఏడు ఎలాగైనా గెలవాలని ఆయన ముందుగానే పురాణం తిరగేసి కొత్త మాటొకటి సిద్ధం చేసుకొచ్చాడు. పాపం, ఏ దురుద్దేశమూ లేదు. అనిత పెరిగి పెద్దయ్యాక ఈ చుట్టుపక్కలకు వచ్చినవాడు, ఆమె సంగతి ఆయనకు తెలియదు. కండువా సర్దుకుని, చెయ్యి ఊపి మరీ అన్నాడు.

"అదంతా సరే చెల్లెమ్మా! ముందు మీ పిల్ల ఎవరి పిల్లో చెప్పండి. ఆకాశరాజు కన్నాడా ఏంటి? నాగలికి తామరపువ్వు తగిలితే అందులో దొరికింది కదండీ! కన్నవాళ్లెవరో తెలీని పిల్లకి గోత్రమేంటండీ? పువ్వు గోత్రమా?"

మగపెళ్లివారు గొల్లున నవ్వారు. ఆడపెళ్లివారి వైపు ఒక్క గొంతు కూడా లేవలేదు. అక్కడ అందరికీ తెలుసు కదా. కాంతవ్వ నోరు తెరిచింది, మూసింది. వెనక్కి తిరిగి చూసింది. అనిత చేతిలో గ్లాసు పట్టుకుని నేల చూస్తోంది. కాంతవ్వ గ్లాసు గట్టు మీద పెట్టి, బిడ్డ చెయ్యి పట్టుకుని, పల్లకీకి దండం కూడా పెట్టకుండా వెళ్లిపోయింది. అంబదాస్ వాళ్ల వెనకే నడిచాడు.

"గెలిచాం!" అన్నాడు బుల్లబ్బాయి గారు. ఎవరూ చప్పట్లు కొట్టకపోయేసరికి చుట్టూ చూశాడు. అప్పుడు ఎవరో ఆయన చెవిలో చెప్పారు.

ఆ సాయంత్రం కాంతవ్వ షాపు షటరు దించేసి, రేపు పీటల మీద కూర్చోనంది. "నా బిడ్డను గంత మాట పడనిచ్చి, మళ్ల పోయి గా మనిషి ఎదుర కూసుంటనా?" అంబదాస్ అమ్మవారికి కుట్టిన పట్టు జాకెట్టును కవరులో పెడుతున్నాడు. ఏటా కల్యాణానికి అమ్మవారి జాకెట్టు మాత్రం ఆయనే కుడతాడు, వేరే మనిషిని ముట్టనివ్వడు. ఏళ్లకేళ్లు భార్య నీడలో మాట లేకుండా బతికిన ఆ మనిషి తల ఎత్తకుండానే, "నువ్వు రాకుంటే మానె. మన బిడ్డ లగ్గం. నేనైతే పోత" అన్నాడు. అవతలి గదిలో అనిత ఫోను చూస్తున్నట్టు కూర్చుంది గానీ, ఫోను వెలగడం లేదు.

తెల్లారి రత్నమాల వచ్చింది. పళ్లెంలో పసుపు, కుంకుమ, కొత్త చీర. ఆవిడ వెంట భర్త లోపలికి రాలేదు. రోడ్డుకు అవతల నిలబడి, కంప్యూటర్ కోర్సు ఫ్లెక్సీని ఎంతో శ్రద్ధగా చదువుతున్నాడు. అరవై దాటాక ఆయనకు ఆ కోర్సుతో పనేమిటో ఆ వేంకటేశ్వరుడికే తెలియాలి.

"వియ్యపురాలా, రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు" అంది రత్నమాల కింద కూర్చుంటూ. "ఆయనకి తెలీదు. తెలిస్తే నోరు కోసుకునేవారు గానీ ఆ మాట అనేవారు కాదు. అయినా నేను గడ్డి పెట్టానులే. నన్ను వకుళమాతని చేసి కూర్చోబెట్టి ఆ మాట ఎలా అన్నారండీ అని అడిగాను. మా పిల్లాడిని మాత్రం నేను కన్నానా? పెంచానంతేగా. పెళ్లి మాటలకి ఆకాశరాజు ఇంటికి వెళ్లింది ఆ వకుళమాతే కదా. నువ్వెవరివి, కన్నతల్లివా అని అక్కడ ఎవరూ అడగలేదే!"

ఏ ఏడైనా కాంతవ్వకు తట్టాల్సిన జవాబు అది. మగపెళ్లివారి నోరు ఒక్క దెబ్బకు మూయించే జవాబు. నిన్న గుండె మీద పడిన దెబ్బకు అది గొంతు దాకా రాలేదు.

"అన్నగారి మీద నాకు కోపం లేదు" అంది కాంతవ్వ చివరికి. "ఆయన అన్నది నన్ను గాదు. పోరి ముందు అన్నడు. గది తట్టుకోలేకపోయిన."

అనిత కాఫీ తెచ్చి రత్నమాలకు ఇచ్చింది. ఆవిడ గ్లాసు పక్కన పెట్టి ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. కాసేపటికి అనిత కొత్త చీర తీసి తల్లి ఒళ్లో పెట్టి, "లెవ్ అమ్మా, ఆలస్యమైతుంది" అంది.

కల్యాణం మొదలైంది. ఎండ మండిపోతోంది, పందిట్లో ఫ్యాన్లు వేడిగాలినే అటూ ఇటూ తిప్పుతున్నాయి. కాంతవ్వ పీటల మీద కూర్చుందన్నమాటే గానీ, ఎటూ చూడడం లేదు. బుల్లబ్బాయి గారు ఎదురుగా తల వంచుకుని కూర్చున్నాడు. అయ్యగారు మైకు దగ్గరికి జరుపుకుని ప్రవర చదవడం మొదలుపెట్టారు. అంటే పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఎవరి మునిమనవలో, ఎవరి మనవలో, ఎవరి పిల్లలో సభలో అందరూ వినేలా చెప్పడం. ఏటా వినేదే. మూడుసార్లు చదువుతారు.

మొదటిసారి కాంతవ్వ చెవిన పడలేదు. రెండోసారి ఆకాశరాజు పేరు దగ్గర ఉలిక్కిపడింది. చీర చెంగు వదిలేసి చెవి అటు పెట్టింది. అయ్యగారు మూడోసారి గొంతు సవరించుకునేలోగా చెయ్యెత్తింది.

"అయ్యగారు, జర ఆగుండ్రి."

సన్నాయి ఆగిపోయింది. పెళ్లి మధ్యలో ఆపితే ఏమవుతుందోనని ముసలివాళ్లు కంగారుపడ్డారు.

"ఎదుర్కోలుల మగపెండ్లివాళ్లు ఒక మాట అడిగిన్రు. జవాబు చెప్పకుంట పోయిన. గిప్పుడు మీరు సదివింది తెలుగుల చెప్పుండ్రి. మా పిల్లది ఏం గోత్రం?"

అయ్యగారు ఆమె ముఖం చూశారు. నిన్న సాయంత్రం ఆయనా అక్కడే ఉన్నారు. పుస్తకం మూసి, మైకులోనే చెప్పారు. "అత్రి గోత్రం తల్లీ. సువీరుడి మునిమనవరాలు. సుధర్ముడి మనవరాలు. ఆకాశరాజు కూతురు."

"పువ్వు పేరు ఏడన్న వచ్చిందా?"

"రాలేదమ్మా."

"నాగలి పేరు?"

"అదీ రాలేదు."

"మరి గా గోత్రం ఎవలది? కన్నోళ్లదా, సాకినోళ్లదా?"

"పెంచినవాళ్లదే తల్లీ. ఆకాశరాజుదే. ఆయన గోత్రం కాబట్టే ఈ పిల్లకీ ఆ గోత్రం. ఏ గుళ్లో పెళ్లి చేసినా ఇట్లాగే చెబుతాం."

కాంతవ్వ బుల్లబ్బాయి గారి వైపు తిరిగింది. "ఇన్నరా అన్నగారు? సాకినాయన తాత, ముత్తాత సుత ఆమె తాత, ముత్తాతలే అయిన్రు. దేవుని లగ్గంలనే గట్లుంటే, మనుషుల లగ్గంల ఎవలన్న కాదంటరా? అనుమనుండ్రి, నేను జూస్త!" చూపు ఆయన మీద ఉంది గానీ, ఆమె మాట్లాడింది ఆయనతో కాదని పందిట్లో అందరికీ తెలుసు.

బుల్లబ్బాయి గారు లేచి నిలబడ్డాడు. కండువా నడుముకు చుట్టుకుని చేతులు జోడించాడు. "ఓడిపోయాం చెల్లెమ్మా. మా పక్షమంతా ఓడిపోయింది. పువ్వులో దొరికినా, ఎక్కడ దొరికినా, మాకు ఈ పిల్లే కావాలి. కాదనకుండా ఇప్పించండి."

"ఇస్తం తియ్యుండ్రి, ఏడువకుండ్రి" అంది కాంతవ్వ, తానే ఏడుస్తూ. ఆడపెళ్లివారి వైపు నుంచి లేచిన కేకలకు సన్నాయివాళ్లు ముహూర్తానికి ముందే మేళం అందుకున్నారు. అయ్యగారు వాళ్లను కసిరి, మూడోసారి ప్రవర చదివి, తాళిబొట్టు అందరికీ చూపించారు.

కల్యాణం అయ్యాక ఆశీర్వచనం. అయ్యగారు మైకు పట్టుకుని వరసగా ఒక్కొక్క కుటుంబం దగ్గరికి వచ్చి గోత్రమూ పేర్లూ అడిగి అక్షతలు వేస్తున్నారు. అమ్మవారి తల్లిదండ్రులకే మొదటి ఆశీర్వచనం. మైకు అంబదాస్ ముందుకు వచ్చింది. మైకంటే ఆయనకు చచ్చేంత భయం, భార్య వైపు చూశాడు. కాంతవ్వ నోరు తెరవలేదు. తాను చెబితే తన గోత్రమే అవుతుంది. ఆమె పక్కకు కూడా తిరగకుండా, తలంబ్రాలు పడిన ఒళ్లో చేతులు పెట్టుకుని అలాగే కూర్చుంది.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి మైకు అందుకుంది.

"పులత్త గోత్రం" అంది అనిత. పందిరంతా మోగింది.

అయ్యగారు చెవి దగ్గరగా పెట్టారు. "ఏమిటమ్మా?"

"పులస్త్య గోత్రం అయ్యగారు" అంది అనిత నవ్వు ఆపుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ. "అంబదాస్, కాంతవ్వ, అనిత. ముగ్గురికీ అదే."

అయ్యగారు ముగ్గురి పేర్లూ కలిపి చదివి అక్షతలు వేశారు. కాంతవ్వ బిడ్డ చెయ్యి లాక్కుని తన పక్కన పీట మీదే కూర్చోబెట్టుకుంది.